హార్మోన్ల లాబ్‌లో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

నీకు బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెబుతూనే, "హార్మోన్లూ ఆర్‌ఎన్‌ఏలూ అంటోంది, దాంతో ఉద్యోగం వస్తుందా అక్కా?" అని అడిగాడు. వాడి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు టెన్షన్ పడకు. బెంగళూరు యశ్వంతపూర్‌లో రైలు దిగి ఆటో అతనితో "టాటా ఇన్‌స్టిట్యూట్" అను, చాలు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అని పూర్తి పేరు చెప్పావంటే ఊరికి కొత్త అని తెలిసిపోతుంది, మీటరు మీద ఇంకో యాభై అడుగుతాడు.

నువ్వు ఎంచుకున్న పని గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలనిపించింది. న్యూక్లియిక్ ఆమ్లాల (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల) తయారీ మీద హార్మోన్ల ప్రభావం. నా ఉద్యోగమంతా దాదాపు ఈ బెంచీ దగ్గరే గడిచింది. "హార్మోన్ ఇచ్చాం, ఆర్‌ఎన్‌ఏ తయారీ పెరిగింది" అనే వాక్యం నీ థీసిస్‌లో ఎక్కడో ఒకచోట తప్పకుండా వస్తుంది. మొదటి ఏడాదే అది రాసెయ్యాలని చేతులు లాగుతాయి. మెషీన్ అంకె ఇచ్చింది కదా అని రాసెయ్యకు.

ఎందుకో చెబుతాను. మా రోజుల్లో ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన యూరిడిన్‌ని, అంటే ఆర్‌ఎన్‌ఏ ముడిసరుకుని, ఎలుకకి ఎక్కించి, గంట ఆగి, గర్భాశయమో కాలేయమో తీసి, నూరి, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పోసేవాళ్లం. ఆర్‌ఎన్‌ఏ తెల్లటి మడ్డిలా అడుక్కి చేరుతుంది. దాన్ని కడిగి, రేడియోధార్మికతని లెక్కపెట్టే సింటిలేషన్ కౌంటర్‌లో పెడితే కౌంట్లు వస్తాయి. ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) ఇచ్చిన ఎలుకలో కౌంట్లు రెట్టింపు వచ్చాయనుకో, ఆర్‌ఎన్‌ఏ తయారీ రెట్టింపైనట్టేనా? బస్తా బియ్యంలో గుప్పెడు అక్షింతలు కలిపి, ఎవరో వండుకున్న అన్నంలో పసుపు గింజలు లెక్కపెట్టి, ఎంత బియ్యం వండారో చెప్పమంటే ఎలా ఉంటుందో ఈ లెక్కా అలాగే ఉంటుంది. బస్తాలో బియ్యం తగ్గినా, అక్షింతలు ఎక్కువ పడినా పసుపు గింజలు పెరుగుతాయి. వండింది మాత్రం అదే సోలెడు. కణంలో అప్పటికే ఉన్న యూటీపీ (ఆర్‌ఎన్‌ఏలోకి చేరే ముందు యూరిడిన్ మారే రూపం) నిల్వ ఆ బస్తా బియ్యం, మనం ఎక్కించిన యూరిడిన్ అక్షింతలు అన్నమాట. ఈస్ట్రోజన్ విషయంలో 1960ల చివర్లో తేలింది సరిగ్గా ఇదే: అది గర్భాశయ కణాల్లోకి యూరిడిన్ చేరడాన్నే పెంచుతోంది. ఆర్‌ఎన్‌ఏ తయారీ పెరగడమూ నిజమే కానీ, కౌంట్లు చూపించినంత కాదు.

అందుకే మడ్డి అడుక్కి చేరాక పైన తేరిన ద్రవాన్ని పారెయ్యకు. (సింకులో అసలే పొయ్యకూడదు, అది రేడియోధార్మిక వ్యర్థం.) ఆ ద్రవంలోనే ఇంకా ఆర్‌ఎన్‌ఏలోకి చేరని యూరిడిన్, దాని నుంచి వచ్చిన న్యూక్లియోటైడ్లు (న్యూక్లియిక్ ఆమ్లాల గొలుసులో పూసలు) ఉంటాయి. దాన్నీ కౌంట్ చెయ్యి. వీలైతే యూటీపీని వేరు చేసి దాని విశిష్ట రేడియోధార్మికత (అంటే బస్తాలో అక్షింతల పాళ్లు) కొలువు. గొడ్డు చాకిరీ, ఒప్పుకుంటాను. కానీ వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదట అడిగేది దాని గురించే.

మీ తరం ట్రిషియం ముట్టుకోకపోవచ్చు. వెలిగే రంగు అంటించగల ఇథైనిల్ యూరిడిన్ వేసి మైక్రోస్కోపు కింద వెలుగు చూస్తారు, లేదా నేరుగా ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కి పంపేస్తారు. మొదటిదాంట్లో అక్షింతల సమస్య అలాగే ఉంది, రంగే మారింది. రెండోదాంట్లో ఇంకో చిక్కు. సీక్వెన్సింగ్ చూపించేది ఆ క్షణాన కణంలో ఎంత ఆర్‌ఎన్‌ఏ ఉందన్నది. ఎంత తయారవుతోందో అది చెప్పదు. తయారీ పెరిగినా మొత్తం పెరుగుతుంది, విరగడం తగ్గినా పెరుగుతుంది. జెనోపస్ కప్ప కాలేయంలో విటెల్లోజెనిన్ అనే గుడ్డుసొన ప్రోటీన్ ఉంది కదా, దాని ఎంఆర్‌ఎన్‌ఏ (ఆ ప్రోటీన్ తయారీకి వాడే ఆర్‌ఎన్‌ఏ) అర్ధాయువు, అంటే సగం విరిగిపోవడానికి పట్టే కాలం, ఈస్ట్రోజన్ లేనప్పుడు 16 గంటలు, ఉన్నప్పుడు దాదాపు 3 వారాలు. 1983లో వచ్చిన ఫలితం ఇది. హార్మోన్ ఆ జన్యువుని మేల్కొల్పుతుంది, తయారైన సరుకునీ కాపాడుతుంది. రెండింట్లో ఏది ఎంతో విడదీయకుండా "తయారీ పెరిగింది" అంటే సగం కథే చెప్పినట్టు.

ఇక భాగహారం. కౌంట్లని దేనితో భాగించాలి? కొత్తవాళ్లంతా కణజాలం బరువుతో భాగిస్తారు. అండాశయాలు తీసేసిన ఎలుకకి ఎస్ట్రడయోల్ (ఒక ఈస్ట్రోజన్) ఇస్తే, ఆరు గంటలు తిరిగేసరికి గర్భాశయం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. పళ్లెంలో పెట్టి చూస్తే కంటికే తెలుస్తుంది, దారంలా ఉన్నది నిగనిగలాడుతూ లావెక్కి ఉంటుంది. ఆ బరువుతో భాగిస్తే పెరిగినది కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. డీఎన్‌ఏతో భాగించు. ఒక్కో కణానికి డీఎన్‌ఏ దాదాపు స్థిరం, పైగా గర్భాశయంలో కొత్త డీఎన్‌ఏ తయారీ పుంజుకోవడానికి ఒక రోజు దాకా పడుతుంది, కాబట్టి మొదటి గంటల్లో అది నమ్మదగిన కొలత. డీఎన్‌ఏ కొలిచే డైఫినైలమీన్ పద్ధతి పాతదే అయినా ఒకసారి చేత్తో చెయ్యి, ఆ నీలిరంగు ఎంత నెమ్మదిగా వస్తుందో తెలియాలి.

నీలిరంగు అంటే గుర్తొచ్చింది. అలాగే నీలిరంగుతో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతిలో సుబ్బారావు ఎవరో మీ లాబ్‌లో సగం మందికి తెలియదు. మన భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. 1925లో వచ్చింది ఆ పద్ధతి. ఒక్కో న్యూక్లియోటైడ్‌కి గొలుసులో ఒక్కో ఫాస్ఫరస్, కాబట్టి న్యూక్లియిక్ ఆమ్లాల వాళ్లకి చాలాకాలం అదే కొలబద్ద. తరవాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమైనోప్టెరిన్‌తోనే 1948లో పిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్) తాత్కాలికంగానైనా అదుపులోకి వచ్చింది. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడి, డీఎన్‌ఏకి కావాల్సిన థైమిడైలేట్ దొరక్కుండా చేసి, డీఎన్‌ఏ తయారీని ఆపే మందు అది. నీ సబ్జెక్టుకి ఆయన మూలపురుషుడని నేనంటే, మన తెలుగువాళ్ల గొప్పలని మా కొలీగ్స్ నవ్వేవాళ్లు. నవ్వనీ.

టైమ్ గురించి కూడా చెప్పాలి. ఒకే ఒక్క సమయంలో తీసిన శాంపిల్‌తో హార్మోన్ గురించి ఏదీ తేల్చలేం. 1960లో క్లెవర్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు కైరోనోమస్ పురుగు లార్వాకి ఎక్డైసోన్ (పురుగులు కుబుసం విడిచే హార్మోన్) ఇస్తే క్రోమోజోమ్ మీద కొన్ని చోట్ల గంట లోపే ఉబ్బులు కనిపించాయి, అక్కడ ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందని గుర్తు. అదే థైరాయిడ్ హార్మోన్ అయితే గంటలు గంటలు ఏమీ జరగనట్టే ఉంటుంది. మన దేశంలో పుట్టి లండన్‌లో పనిచేసిన జమ్‌షెడ్ టాటా ఆ ఖాళీ గంటల్లోనే తవ్వాడు. ముందు కణకేంద్రకంలో ఆర్‌ఎన్‌ఏ తయారీ పెరుగుతుంది, తరవాతెప్పుడో ప్రోటీన్, ఆ తరవాతే ఎలుక ఆక్సిజన్ వాడకం. యాక్టినోమైసిన్‌–డి ఇచ్చి ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపితే హార్మోన్ ప్రభావమే కనిపించలేదు. ఏది ముందు, ఏది వెనక అన్న వరసే ఇక్కడ సాక్ష్యం. కాబట్టి పావుగంట నుంచి రెండు రోజుల దాకా ఓపిగ్గా పాయింట్లు తియ్యి. రాత్రి పాయింట్లకి తోడు ఎవరినైనా పెట్టుకో, క్యాంటీన్ మూసేలోపు తినెయ్.

కంట్రోల్ ఎలుకకీ ఇంజెక్షన్ ఇవ్వాలని నీకు చెప్పక్కర్లేదు. స్టెరాయిడ్ హార్మోన్ కరిగించడానికి వాడిన నూనెనే, హార్మోన్ లేకుండా, అంతే మోతాదులో ఇవ్వు. ఎలుకలకి కార్టికోస్టిరోన్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్) సాయంత్రానికి పెరుగుతుంది, అందుకని రోజూ ఒకే వేళకి పని పెట్టుకో. అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలకి తాగడానికి ఉప్పునీళ్లు పెట్టాలి, మామూలు నీళ్లు పెడితే సోడియం నిలవక చచ్చిపోతాయి. సెలవురోజు బోనుల్లో సీసాలు ఎవరు మారుస్తారో నువ్వే కనుక్కో. నేను పనిచేసిన ఒక లాబ్‌లో పండగ సెలవుల్లో ఎవరో మామూలు నీళ్లు పెట్టేశారు, ఒక విద్యార్థి ఆరు నెలల పని పోయింది.

ఎలుకలు మానేసి ఫ్లాస్కుల్లో కణాలు పెంచితే ఈ బాధ ఉండదనుకుంటావు. అక్కడ వేరే దొంగలు. కణాలు పెరిగే ద్రవం, అంటే మీడియంలో పోసే సీరంలోనే స్టెరాయిడ్లు ఉంటాయి, బొగ్గుతో శుద్ధి చేసిన సీరం వాడాలి. మీడియంకి ఎర్ర రంగునిచ్చే ఫినాల్ రెడ్ ఉంది చూడు, అది కూడా బలహీనంగా ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుందని 1986లో బయటపడింది. అప్పటిదాకా కంట్రోల్ అనుకున్న ఎన్నో ఫ్లాస్కుల్లో అసలు కంట్రోలే లేదన్నమాట. ఆ పేపరు వచ్చిన వారం మా కారిడార్‌లో ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

రేడియోధార్మిక ఫాస్ఫరస్–32 వాడాల్సివస్తే హైదరాబాద్‌లోని జొనాకి అనే సరఫరా కేంద్రం నుంచి తెప్పిస్తారు. 14 రోజులకే సగమైపోతుంది. అది వచ్చే పక్షంలో ఎవరి పెళ్లికీ వస్తానని ఒప్పుకోకు, మన ఇంట్లో పెళ్లయినా సరే. ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి లేకుండా ఆ గదిలోకి అడుగు పెట్టకు.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల సంఖ్య చూడకు. లాబ్ మీటింగ్‌లో కూర్చుని, గ్రాఫ్ చూసి ఊరుకుంటారా, నోట్‌బుక్ తెప్పించి ముడి అంకెలు అడుగుతారా అన్నది గమనించు. అడిగేవాళ్ల దగ్గర చేరు. మొదట్లో ఏడుపొస్తుంది, పర్లేదు. మీ విభాగం 1921 నుంచి ఉంది, గోనాడోట్రోపిన్ల (అండాశయాల్నీ వృషణాల్నీ నడిపే హార్మోన్ల) మీద మౌద్గల్ గారి లాంటివాళ్లు పనిచేసిన చోటు. పాత థీసిస్‌లు లైబ్రరీలో ఉంటాయి, వాటిలో మెథడ్స్ చాప్టర్లు చదువు. ఇప్పటి పేపర్లలో "కిట్ వాడాం" అని ఒక్క ముక్కలో తేల్చేది వాళ్లు నాలుగు పేజీలు రాశారు.

డబ్బు విషయం. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000, రెండేళ్ల తరవాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000. కాగితం మీద బాగానే ఉంటుంది కానీ నెలనెలా ఒకటో తారీకున పడుతుందని అనుకోకు. మూడు నెలల ఖర్చు బ్యాంకులో ముట్టుకోకుండా ఉంచు, అప్పటికీ చాలకపోతే మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యి, నేనుండే మత్తికెరె అక్కడికి ఎంత దూరం? ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మార్చడానికి కమిటీ కూర్చోవాలి, రిపోర్టు రాయాలి. రెండో ఏడు పూర్తయ్యే రెండు నెలల ముందే గైడ్‌కి గుర్తు చెయ్యి, సంతకాలైన కాగితాలన్నీ ఆఫీసులో ఇచ్చే ముందు ఒక సెట్ జిరాక్స్ తీయించి నీ దగ్గర పెట్టుకో.

మీ అత్తయ్య