డాక్టర్ సలహా: పళ్లొచ్చేటప్పుడు 102 జ్వరం వస్తుందా?

ప్రశ్న: మా పాపకు పదో నెల నడుస్తోంది. కింద రెండు పళ్లు వచ్చేశాయి, ఇప్పుడు పై చిగురు ఉబ్బింది. నాలుగు రోజులుగా జ్వరం వచ్చి పోతోంది, నిన్న రాత్రి 102 దాటింది. జలుబు, దగ్గు ఏమీ లేవు. ఇది పళ్ల జ్వరమే, మా ఆయనకు కూడా చిన్నప్పుడు ఇలాగే వచ్చేదట, పన్ను దిగితే తగ్గిపోతుందని అత్తగారు అంటున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన జ్వరం సిరప్ వేస్తున్నాను. పెద్దబాబుకు రాసిన యాంటీబయాటిక్ సిరప్ కొంచెం మిగిలి ఉంటే అది కూడా రెండు పూటలు పోశాను. విరేచనం పల్చగా అవుతోంది, కొబ్బరి నీళ్లు పడుతున్నాం. చిగుళ్లకు రాసే జెల్ ఏది మంచిది? పళ్లు త్వరగా రావడానికి కాల్షియం వాడొచ్చా? పాలు కూడా సరిగా తాగడం లేదు, పాస్ పోసేటప్పుడు ఏడుస్తోంది.
– ఒక తల్లి, రాజోలు దగ్గర నుంచి

జవాబు: అమ్మా, జెల్ సంగతి తర్వాత చెబుతాను. మీరు ఆఖరున, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాసిన ముక్క ముందు చూడాలి. పాస్ పోసేటప్పుడు ఏడుస్తోందన్నారు. నాలుగు రోజుల జ్వరం, జలుబూ దగ్గూ లేవు, ఆడపిల్ల, ఏడాది నిండలేదు. ఇవన్నీ ఒకచోట కనబడితే పిల్లల డాక్టరు ఎవరైనా మొదట రాసేది మూత్ర పరీక్ష. పాపను చూడకుండా ఫలానా జబ్బు అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఇది చదివిన రోజే పాపను తీసుకెళ్లి చూపించండి. ఆదివారం గడవనిద్దాం, పన్ను బయటపడేదాకా చూద్దాం అనుకోవద్దు.

ఇక పళ్ల విషయం. పన్ను వచ్చేటప్పుడు చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, చొంగ కారుతుంది, పిల్లలు చిరాకు పడతారు, దొరికిందల్లా కొరుకుతారు. ఒళ్లు కొద్దిగా వెచ్చబడొచ్చు కూడా. కానీ 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితేనే మేం జ్వరం అంటాం. పళ్లు రావడం వల్ల అంత జ్వరం వస్తుందనడానికి ఆధారం లేదు. 2016లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో, అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. ఒంటి వేడి కాస్త పెరుగుతుంది, అది జ్వరం స్థాయికి చేరదు అన్నది దాని సారాంశం. మీరు చెప్పిన 102ను పంటి ఖాతాలో వేయడం కుదరదు.

మరి అత్తగారి మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆవిడ కళ్లతో చూసిందే చెబుతున్నారు. పాలపళ్లు మొత్తం 20. ఆరో నెల అటూ ఇటూగా మొదలై రెండున్నర, మూడేళ్ల దాకా వస్తూనే ఉంటాయి. అంటే ఆ రెండేళ్లలో పిల్లకు ఎప్పుడు జ్వరం వచ్చినా, నోరు తెరిచి చూస్తే ఎక్కడో ఒకచోట చిగురు ఉబ్బే ఉంటుంది. పైగా తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గిపోయేది సరిగ్గా ఆ వయసులోనే. పాకడం మొదలెడతారు, అరుగు మీద చెప్పు, పెరట్లో కొబ్బరి పీచు, ఏది దొరికితే అది నోట్లోకి పోతుంది. ఇన్‌ఫెక్షన్లు రాక ఏం చేస్తాయి? మూడు రోజులు గట్టిగా జ్వరం కాసి, తగ్గగానే ఒంటి మీద గులాబీ రంగు దద్దుర్లు వచ్చే వైరల్ జబ్బు ఒకటుంది. అదీ ఈ వయసులోనే వస్తుంది, మన ఇళ్లలో దానికీ పళ్ల జ్వరమనే పేరు. నోట్లో పుళ్లు లేచి చిగుళ్లు వాచే జబ్బుకూ అంతే. వీటిలో చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి కాబట్టి పళ్ల జ్వరం అన్న మాట నిలబడిపోయింది.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాత్రం అలా వదిలేయదగ్గది కాదు. చంటిపిల్లల్లో దానికి జ్వరం తప్ప వేరే గుర్తు ఉండకపోవచ్చు. పాలు తాగకపోవడం, వాంతులు, పల్చటి విరేచనాలు కూడా దీనివల్ల రావొచ్చు. వైద్యం ఆలస్యమైన కొద్దీ కిడ్నీ మీద మచ్చ పడే ప్రమాదం పెరుగుతుంది. నాలుగు రోజులు అన్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. పరీక్షకు మూత్రం పట్టడంలో కూడా పద్ధతి ఉంది. డైపర్ పిండి సీసాలో పోసి తెస్తుంటారు, అది పనికిరాదు. శుభ్రంగా కడిగి, పాస్ పోస్తుండగా మధ్యలో వచ్చే ధారను ల్యాబు వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. కుదరకపోతే ఆసుపత్రిలో సన్న గొట్టం పెట్టి తీస్తారు, భయపడకండి, ఒక్క నిమిషం పని. అతికించే సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు కలుస్తాయి కాబట్టి కల్చర్‌కు, అంటే మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షకు, దాన్ని నమ్మలేం. చీము కణాలు ఉన్నదీ లేనిదీ అదే రోజు తెలుస్తుంది, కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఇన్‌ఫెక్షన్ అని తేలితే కిడ్నీలకు స్కానింగ్ కూడా రాస్తారు. మూత్రం వెనక్కి కిడ్నీల వైపు పోయే లోపం కొందరు పిల్లల్లో పుట్టుకతో ఉంటుంది, దాని ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో చూడటానికి.

ఇక్కడే మీరు చేసిన పని గురించి ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. పెద్దబాబు యాంటీబయాటిక్ ఎందుకు పోశారమ్మా? నీళ్లు కలిపిన ఆ పొడి మందు కొద్ది రోజులే పనిచేస్తుంది. చాలా వాటికి ఏడు రోజులు అని సీసా మీదే రాసి ఉంటుంది. మీ ఇంట్లో అది ఎన్నాళ్ల నుంచి ఉందో మీకే తెలియాలి. సరే, మందు బాగానే ఉందనుకుందాం. రెండు పూటలు పోసి ఆపేస్తే రోగం పోదు, కానీ మూత్రంలో క్రిమి కల్చర్‌లో పెరగకుండా దాక్కుంటుంది. రిపోర్టు బాగుందని వస్తుంది, అందరం మళ్లీ పంటి మీదే పడతాం. మా ఓపీకి వచ్చే జ్వరాల్లో ఇది రోజూ కనిపించే తంటా. అన్నకు రాసింది తమ్ముడికి, పక్కింటి పిల్లకు పనిచేసింది మన పిల్లకు. అక్కడ చూపించేటప్పుడు రెండు డోసులు పడ్డాయని దాచకుండా చెప్పండి. డాక్టరు కోప్పడతారేమోనని చాలామంది దాస్తారు. కోప్పడితే పడనివ్వండి, ఆ సమాచారం మాత్రం వాళ్లకు కావాలి.

జ్వరం సిరప్ పేరు మీరు రాయలేదు, అందుకే ఇంకొంచెం టెన్షన్. ఇప్పుడే సీసా తిప్పి చూడండి. పారాసిటమాల్ ఒక్కటే ఉందా, పక్కన మెఫెనమిక్ యాసిడ్ అని ఇంకో పేరు కూడా ఉందా? పాలు తాగని, విరేచనాలవుతున్న, కిడ్నీ మీద అనుమానం ఉన్న పిల్లకు ఆ రెండోది నేనైతే ఇవ్వను. వానలు పడి తోటల్లో కొబ్బరి చిప్పల నిండా నీళ్లు నిలిచే కాలంలో డెంగ్యూ అనుమానం కూడా ఉంటుంది. అప్పుడు మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ రెండూ అసలే కూడదు. నిమెసులైడ్ అనే జ్వరం మందునైతే 12 ఏళ్లలోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు. పాత సీసా ఏదైనా ఇంట్లో ఉంటే పారేయండి.

పారాసిటమాల్ ఒక్కటే అయినా లెక్క తప్పకూడదు. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లు మించకుండా. 8 కిలోల పాపకు ఒక పూటకు 120 మిల్లీగ్రాముల దాకా. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 1.2 మిల్లీలీటర్లు చాలు. 125 అని రాసున్న సిరప్‌లో (5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు) అయితే దాదాపు 5 మిల్లీలీటర్లు. 250 అని ఉన్నదాంట్లో అందులో సగం. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, రంగూ రుచీ ఒకటే. చుక్కల మందును సిరప్ అనుకుని మూత నిండా 5 మిల్లీలీటర్లు పోస్తే ఒక్క దెబ్బకు 500 మిల్లీగ్రాములు, నాలుగింతలు. వంటింటి చెంచా వద్దు, సీసాతో వచ్చిన గొట్టంతోనే కొలవండి. పాప బరువెంతో మీ డాక్టరు తూచి డోసు రాసిస్తారు, అదే ఖాయం. ఇది లెక్క అర్థం కావడానికి చెప్పింది మాత్రమే. చేత్తో నుదురు పట్టి చూడటం మానేసి, డిజిటల్ థర్మామీటరు చంకలో పెట్టి, ఎంతుందో, ఎన్నింటికి చూశారో కాగితం మీద రాసుకోండి.

తొమ్మిది నెలల టీకా ఎప్పుడు వేయించారు? మీరు రాయలేదు. మీజిల్స్ టీకా వేసిన వారం పది రోజులకు కొందరికి జ్వరం వస్తుంది. టీకాల కార్డు కూడా పట్టుకెళ్లండి.

విరేచనాలకు కొబ్బరి నీళ్లు సరిపోవు. చేతికందే బొండం కదా అని మన కోనసీమలో అందరూ అదే పడతారు. అందులో పొటాషియం ఎక్కువ, పిల్లకు కావలసిన సోడియం తక్కువ. ఓఆర్‌ఎస్ పొట్లం కొనండి, లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపండి, గ్లాసులో కొంచెం కొంచెం కలపొద్దు. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. కాలువలకు కొత్తగా నీళ్లు వదిలిన రోజుల్లో మరీను. తల్లిపాలు ఆపొద్దు. జింకు మందు ఎంత వేయాలో డాక్టరే రాస్తారు.

ఇప్పుడు జెల్. వాడొద్దు. తిమ్మిరెక్కించే మందు ఉన్న జెల్‌లు చంటిపిల్లలకు ప్రమాదం. బెంజోకైన్ ఉన్నవాటివల్ల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి పడిపోతుందని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించి, పళ్లొచ్చే పిల్లలకు అమ్మడం ఆపమంది. తేనె రాయమని ఎవరైనా చెబితే ఏడాది నిండేదాకా అది కూడా వద్దు. చేయి శుభ్రంగా కడుక్కుని వేలితో చిగురు మెల్లగా రుద్దండి, ఫ్రిజ్‌లో చల్లబరిచిన శుభ్రమైన తడిగుడ్డ కొరకనివ్వండి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. కాల్షియం పోస్తే పన్ను ముందుగా రాదు.

పాప మగతగా పడుకుని లేపినా సరిగా చూడకపోయినా, ఏడెనిమిది గంటలు పాస్ పోయకపోయినా, మాడు ఉబ్బినా లోతుకు దిగినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా ఓపీ టైము కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. దారిలో ఆర్‌ఎంపీ చేత సూది వేయించుకుని వెళ్దాం అని మాత్రం అనుకోవద్దు. వెళ్లేటప్పుడు జ్వరం రాసుకున్న కాగితం, టీకాల కార్డుతో పాటు వాడిన సిరప్ సీసాలు రెండూ సంచిలో వేసుకెళ్లండి. పేరు గుర్తు లేదు, ఎర్రగా తియ్యగా ఉంటుందండీ అంటే ఏ డాక్టరూ ఏమీ చేయలేరు.