చెన్నైలో చిన్నపిల్లలతో ఈస్టర్: కొత్తగా వచ్చినవాళ్ళకి

మన ఊళ్ళో అయితే ఈస్టర్ గురించి పిల్లలకి విడిగా నేర్పక్కర్లేదు. శనివారం నాటికే సమాధుల దగ్గర గడ్డి పీకి సున్నం వేయిస్తారు, తెల్లవారుజామున చర్చి గంట మోగుతుంది, చీకట్లో పాటలు పాడుకుంటూ వెళ్ళే పెద్దవాళ్ళ వెనక పిల్లలు నిద్రమొహాలతోనే నడుస్తారు, తాతయ్య సమాధి మీద కొవ్వొత్తి పెడతారు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోయినా ఇది మామూలు ఆదివారం కాదని వాళ్ళకి తెలిసిపోతుంది. చెన్నైలో అపార్ట్‌మెంట్‌లో అద్దెకి దిగిన కుటుంబానికి ఇవేవీ ఉండవు. అందుకే కొత్తగా వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ నేను ఒకటే చెబుతాను. పండగని ఆ ఒక్క ఉదయం చర్చికి వదిలేయకండి. ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం దగ్గర మొదలుపెట్టి వారమంతా ఇంట్లోనే, పిల్లల చేతులతోనే చేయించండి.

ముందు తేదీ చూసుకోండి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్, కాబట్టి మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా పడుతుంది. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. గుడ్ ఫ్రైడేకి సెలవు ఉంటుంది కానీ ఈస్టర్ మర్నాడు ఉండదు. ఊరికి వెళ్ళాలనుకుంటే రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అప్పుడే చేసుకోండి. కుదరకపోతే బాధపడకండి, ఇక్కడే చక్కగా చేసుకోవచ్చు.

మట్టల ఆదివారం చర్చిలో ఇచ్చే ఆకుని పిల్లల చేతికే ఇవ్వండి. ఇక్కడి తమిళ ఆడవాళ్ళు ఆ లేత ఆకుని మడిచి చిన్న చిన్న సిలువలు అల్లుతారు, పక్కన కూర్చుని అడిగితే ఎంతో ఇష్టంగా నేర్పిస్తారు. కొత్త ఊళ్ళో పరిచయాలు అలాగే మొదలవుతాయి.

ఆ సాయంత్రమే యేసు సమాధి ఉన్న చిన్న తోట ఒకటి పిల్లలతో చేయించండి. వెడల్పాటి పాత పళ్ళెం గానీ కుండీ కింద పెట్టే ప్లేటు గానీ తీసుకుని మట్టి పోయండి. టీ తాగే మట్టికప్పు ఒకటి పక్కకి పడుకోబెట్టి, నోరు మాత్రం కనబడేలా పైన మట్టి కప్పితే అది సమాధి. ఆ నోటికి సరిపోయే రాయి పిల్లలే వెతికి తేవాలి. కొబ్బరి ఈనెలు దారంతో కట్టి మూడు సిలువలు గుచ్చండి. రాత్రంతా నానబెట్టిన మెంతులు మర్నాడు పొద్దున చల్లించండి. ఈ వేడికి రెండు మూడు రోజుల్లో మొలకలొస్తాయి, ఆదివారానికి పళ్ళెమంతా పచ్చగా ఉంటుంది. రోజూ నీళ్ళు చిలకరించడం పిల్లల పని, మీరు చెయ్యొద్దు. శుక్రవారం సాయంత్రం ఒక చిన్న బొమ్మని తెల్లగుడ్డలో చుట్టి లోపల పెట్టి రాయి మూసేయండి. శనివారం ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు, పిల్లలు ఎన్నిసార్లు వచ్చి చూసినా సరే, రేపటిదాకా ఆగాలి అనే చెప్పండి. ఆ రోజు యేసు శిష్యులు ఎలా ఉండి ఉంటారో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఆదివారం వాళ్ళు లేవకముందే రాయి జరిపి, బొమ్మ తీసేసి, గుడ్డని మాత్రం మడిచి లోపలే వదిలేయండి. శిష్యుడు పేతురు లోపలికి వెళ్ళి చూస్తే నారబట్టలు అక్కడే ఉన్నాయని, తలకి కట్టిన రుమాలు వేరేగా చుట్టి పెట్టి ఉందని యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది కదా, ఆ మాటలు అప్పుడే చదివి వినిపిస్తే పిల్లలు ఆ గుడ్డ వైపు చూసే చూపే వేరు.

గుడ్ ఫ్రైడేని ఇక్కడ పెరియ వెళ్ళి అంటారు, చాలా చర్చి బోర్డుల మీద అలాగే ఉంటుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన చాలాచోట్ల మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా జరుగుతుంది. ఐదేళ్ళలోపు పిల్లల్ని ఆ ఎండలో, ఆ రద్దీలో మూడు గంటలు కూర్చోబెట్టకండి. ఒకటి రెండు మాటలు విని వచ్చేయండి, తల్లీ తండ్రీ వంతులు వేసుకున్నా తప్పేం లేదు. సిలువ కథ దాచొద్దు, అలాగని రక్తం కారే సినిమాలు చూపించి భయపెట్టొద్దు. తప్పేమీ చెయ్యని యేసయ్యని చంపేశారు, వాళ్ళమ్మ పక్కనే నిలబడి ఏడ్చింది, ఆయన వాళ్ళని క్షమించమని అడిగాడు, ఈ మాత్రం చాలు. అదే ఊపిరిలో ఆదివారం లేస్తాడని కూడా చెప్పేయండి. చిన్న మనసుకి మూడు రోజుల టెన్షన్ అక్కర్లేదు.

శనివారం గుడ్లకి రంగులు. గుడ్లు మన పద్ధతి కాదు కదా అని ఊళ్ళో పెద్దవాళ్ళు ఫోన్‌లో అంటారు, వాళ్ళ మాట కొట్టిపారేయకండి. గుడ్లు తెచ్చే ఈస్టర్ కుందేలు జర్మనీ వైపు నుంచి వచ్చిన ఆచారం, మా ఇంట్లో దానికి చోటు లేదు. గుడ్డు సంగతి వేరు. పూర్వం ఐరోపాలో ఈస్టర్‌కి ముందు ఉపవాసం ఉండే శ్రమదినాల నలభై రోజులూ గుడ్లు తినేవాళ్ళు కాదు, కోళ్ళు మాత్రం పెడుతూనే ఉండేవి, అలా మిగిలినవన్నీ ఉడికించి, రంగులేసి పండగనాడు పంచుకునేవాళ్ళు. మూసి ఉన్న పెంకులోంచి ప్రాణం బయటికి రావడం సమాధి కథకి దగ్గరగా ఉంటుంది కాబట్టి నాకైతే అభ్యంతరం కనబడలేదు.

బజారు రంగులు కొనక్కర్లేదు. ఇక్కడ దొరికే తెల్లగుడ్లకి వంటింటి రంగులే బాగా పడతాయి. గుప్పెళ్ళకొద్దీ ఉల్లిపొట్టు అరగంట మరిగిస్తే ఎర్రటి గోధుమరంగు, పసుపు నీళ్ళలో పసుపుపచ్చ, బీట్‌రూట్‌తో గులాబీ రంగు వస్తాయి. వడగట్టిన ప్రతి రంగులోనూ ఒక చెంచా వెనిగర్ కలపండి. గుడ్డు మీద కొత్తిమీర ఆకు తడిపి అంటించి, పలచటి పాతగుడ్డలో బిగించి కట్టి రంగులో వేస్తే తీశాక ఆకు ఆకారం తెల్లగా మిగులుతుంది. ఆరేళ్ళ పిల్లలు కూడా ముడి విప్పేటప్పుడు ఊపిరి బిగబట్టి చూస్తారు. గుడ్లు ఫ్రిజ్‌లోనే ఉంచండి. దాచి వెతికించే ఆట ఇంట్లోనే, ఫ్యాన్ కింద, గంటలోపు ముగించండి, ఈ ఎండల్లో అంతకంటే సేపు బయట ఉన్న ఉడికిన గుడ్డు పెట్టకూడదు. బాల్కనీలో చాక్లెట్లు దాచితే కరిగిపోతాయి. నాలుగేళ్ళలోపు వాళ్ళు ఉంటే గట్టి చాక్లెట్ బిళ్ళలు, చిన్న జెల్లీలు అసలు తేవద్దు, గొంతుకి అడ్డం పడతాయి. బేకరీల్లో దొరికే మార్జిపాన్ గుడ్లలో జీడిపప్పు గానీ బాదం గానీ ఉంటుంది, అపార్ట్‌మెంట్ పిల్లలకి పంచే ముందు వాళ్ళ అమ్మల్ని అడగండి.

ఆదివారం తెల్లవారుజామున చెన్నైకి ఉన్న అదృష్టం హైదరాబాద్‌కి లేదు. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఆ రోజుల్లో ఆరు గంటల ప్రాంతంలో ఉదయిస్తాడు కాబట్టి ఐదున్నరకల్లా మెరీనా బీచ్‌కో బెసంట్ నగర్ బీచ్‌కో చేరండి, పిల్లల్ని నిద్రబట్టల్లోనే ఎత్తుకెళ్ళినా పర్వాలేదు. లూకా 24లో ఆడవాళ్ళు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళే నాలుగు వచనాలు చదివి, ఒక పాట పాడుకుని, ఆరాధన వేళకి చర్చికి వెళ్ళొచ్చు. పిల్లలకి తమిళం ఇంకా రాకపోతే తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందో రెండు వారాల ముందే వాకబు చేసుకోండి.

సమాధుల దగ్గరికి వెళ్ళలేకపోవడం ఒక్కటే నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. ఊళ్ళో ఉన్న అత్తనో బాబాయినో ముందే అడిగి అక్కణ్ణుంచి వీడియో కాల్ చేయించండి. ఇక్కడ ఇంట్లో తాతయ్య ఫోటో దగ్గర కొవ్వొత్తి మీరు వెలిగించి పిల్లల్ని పక్కన నిలబెట్టుకోండి. ఆయన పేరేంటో, ఏం పని చేసేవాడో, ఏ పాట ఇష్టమో చెప్పండి. తాతయ్య కూడా లేస్తాడా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు, మీరు నమ్మేది తడుముకోకుండా చెప్పండి.

మధ్యాహ్నం బిర్యానీ, సేమియా పాయసం ఎలాగూ ఉంటాయి. పక్కింటికి ఒక గిన్నె పంపండి.

ఇంకో వారం కూడా ఈ పండగని సాగదీయొచ్చు. యేసు లేచాడంటే నేను చూస్తే గానీ నమ్మను అన్న శిష్యుడు తోమాకి యేసు కనబడింది ఎనిమిది రోజుల తర్వాత. ఆ తోమా మన దేశానికి వచ్చి క్రీ.శ. 72లో ఇక్కడే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన సమాధి మీద కట్టిన శాంథోమ్ బసిలికా మీ ఊళ్ళోనే ఉంది, ఇప్పుడున్న భవనం 1896 నాటిది. ఈస్టర్ తర్వాతి ఆదివారం సాయంత్రం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి తోమా కథ చెప్పండి. సమాధి ఉన్న కింది గదికి వెనకవైపు నుంచి వేరే దారి ఉంది, పైన పూజ జరుగుతున్నా ఎవరికీ అడ్డం లేకుండా వెళ్ళొచ్చు.