"సరే" అన్న డేటాబేస్ టైమౌట్ పెట్టుకుని రోల్‌బ్యాక్ అయిపోతే తప్పేంటి?

ఒక పని రెండు డేటాబేస్‌లలోనూ జరగాలి, లేదా ఎక్కడా జరగకూడదు అన్నప్పుడు వాడేది టూ ఫేజ్ కమిట్: నడిపించే ప్రోగ్రామ్ (కోఆర్డినేటర్) ముందు సిద్ధమేనా అని అడుగుతుంది (ప్రిపేర్), అందరూ సరే అంటే ఖాయం చేయమంటుంది (కమిట్), లేకపోతే రద్దు చేయమంటుంది (రోల్‌బ్యాక్). అందులో ప్రిపేర్‌కి "సరే" అన్నాక కోఆర్డినేటర్ నుంచి కబురు రాకపోతే, ముప్పై సెకన్లు చూసి తనంతట తానే రోల్‌బ్యాక్ అయిపోవచ్చు కదా అని అడిగారు. అవ్వకూడదండీ. "సరే" అనకముందు ఎప్పుడైనా తప్పుకోవచ్చు. అన్నాక ఆ హక్కు పోతుంది, ఎందుకంటే ఆ మాట నమ్మి అవతల ఇంకొకరు ఈపాటికే కమిట్ అయిపోయి ఉండొచ్చు.

ఇది నాకు పలాసలో ఒక జీడిపప్పు గోడౌన్‌లో కూర్చున్నప్పుడు బాగా అర్థమైంది. 2018లో ఒక వ్యాపారికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను, సరుకు లెక్క పలాసలో, బిల్లులు శ్రీకాకుళం ఆఫీసులో, రెండు చోట్లా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఆఫీసులోని నా ప్రోగ్రామ్ రెండింటికీ ప్రిపేర్ ట్రాన్సాక్షన్ పంపి, రెండూ సరే అంటే కమిట్ ప్రిపేర్డ్ పంపేది. అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ముందురోజు సాయంత్రం నెట్ లైను వస్తూ పోతూ ఉండగా డబ్ల్యూ 320 గ్రేడు జీడిపప్పు 20 డబ్బాల బిల్లు ఒకటి కొట్టారు. రెండు డేటాబేస్‌లూ సరే అన్నాయి, ఆఫీసులో కమిట్ అయిపోయింది, పలాసకి ఆ మాట చేరేలోపే లైను పోయింది.

కరెంటు రావడానికి రోజులు పట్టింది. వచ్చాక గోడౌన్ సిస్టమ్ ఆన్ చేస్తే డబ్ల్యూ 320 గ్రేడు ముట్టుకున్న ప్రతి ఎంట్రీ ఆగిపోతోంది, మిగతా గ్రేడులన్నీ బాగానే ఉన్నాయి. అక్కడి కుర్రాడు రెండుసార్లు రీస్టార్ట్ చేశాడు, ఫోన్‌లో నేనే చేయమన్నాను. ఫలితం లేదు. ప్రిపేర్ అంటే మాట డిస్క్ మీద రాసివ్వడం, రీస్టార్ట్ అయినా అది చెరగదు, దాని లాక్ (ఆ వరుసని ఇంకెవరూ మార్చకుండా వేసే తాళం) కూడా వదలదు. వెళ్లి, తేలకుండా ఆగిన ప్రిపేర్‌ల జాబితా చూపే పీజీ ప్రిపేర్డ్ ఎక్సాక్ట్స్ వ్యూ తెరిస్తే 10వ తేదీ సాయంత్రం టైముతో ఒకే ఒక్క వరుస కనబడింది. ఆఫీసులో ఆ నంబరు బిల్లు ఉందని చూసుకుని చేత్తోనే కమిట్ ప్రిపేర్డ్ కొట్టాను. మీరన్న టైమౌట్ ఉండుంటే డబ్బు ఖాతాలో పడేది, 20 డబ్బాలు మాత్రం లెక్కలో గోడౌన్‌లోనే ఉండిపోయేవి.

నా తప్పు ఇంకొకటి ఉంది, అసలు పెద్దది అదే. నిర్ణయాన్ని ప్రోగ్రామ్ మెమరీలోనే ఉంచాను. కమిట్ కబురు ఎవరికైనా పంపే ముందే కోఆర్డినేటర్ తన లాగ్‌లో, డిస్క్ మీదకి, రాసుకోవాలి, లేచాక ఆ లాగ్ చూసి మిగిలినవాళ్లకి మళ్లీ చెప్పాలి. లాగ్‌లో నిర్ణయం లేకపోతే రోల్‌బ్యాక్ అనే అర్థం, దాన్నే ప్రిజ్యూమ్డ్ అబార్ట్ అంటారు.

కబురు కోసం ఇలా ఆగిపోవడాన్ని త్రీ ఫేజ్ కమిట్ తీర్చదా అని కూడా అన్నారు. 1981లో డేల్ స్కీన్ ప్రతిపాదించింది అది, మధ్యలో ఇంకో దశ పెట్టడం వల్ల మెషీన్ చచ్చిపోతే మిగతావాళ్లు ఆగిపోకుండా ముందుకెళ్లగలరు. కానీ మెషీన్లు బతికే ఉండి మధ్యలో లైను తెగితే అటువాళ్లు ఒకటి, ఇటువాళ్లు ఇంకొకటి తేల్చుకునే ప్రమాదం ఉంది. మాకు తెగింది లైనే కదా! గూగుల్ వాళ్ల స్పానర్ డేటాబేస్‌లో టూ ఫేజ్ కమిట్‌నే ఉంచి, ఒక్కో పార్టిసిపెంట్‌నీ (పాల్గొనే భాగాన్నీ) కోఆర్డినేటర్‌నీ పాక్సోస్‌తో, అంటే ఎక్కువ కాపీలు ఒప్పుకుంటేనే నిర్ణయం ఖాయం చేసే పద్ధతితో, నడిచే కాపీల గుంపుగా చేశారు, ఒక మెషీన్ పోయినా నిర్ణయం పోదు.

రెండు మెషీన్ల దుకాణానికి అంత అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్స్ అనే సెట్టింగ్ విలువ మొదట సున్నాయే ఉంటుంది, కావాలని పెంచితే తప్ప ప్రిపేర్ పనిచేయదు. పెంచితే మాత్రం ఆ వ్యూని రోజూ చూసే మనిషో స్క్రిప్టో ఉండాలి, పాతవి మిగిలిపోతే లాక్‌లే కాదు, పాత వరుసల చెత్త ఊడ్చే వాక్యూమ్ పని కూడా దెబ్బతింటుంది. మేము తర్వాత ప్రిపేర్ తీసేశాం. ఇప్పుడు బిల్లుతో పాటు "పలాసకి పంపాలి" అనే వరుస కూడా ఆఫీసులో ఒకే ట్రాన్సాక్షన్‌లో పడుతుంది, లైను ఉన్నప్పుడు గోడౌన్ దాన్ని తీసుకుని, ఆ బిల్లు నంబరు అంతకుముందే రాకపోతేనే సరుకు తగ్గిస్తుంది.