సూదులు ఉచితంగా ఇస్తే మత్తు అలవాటు పెరగదా?

పెరగదు, తగ్గేది హెచ్‌ఐవీ. మత్తుమందు నరానికి ఎక్కించుకునేటప్పుడు కాస్త రక్తం సిరంజిలోకి వెనక్కి వస్తుంది. వాడాక సూది మొదలు దగ్గర కంటికి ఆనని రక్తపు చుక్క మిగులుతుంది. అందులో వైరస్ రోజుల తరబడి, ఒక్కోసారి 42 రోజుల దాకా బతకగలదు. కావలిలో ఇద్దరు స్నేహితులు ఒకే సిరంజి పంచుకున్నారనుకోండి. మధ్యలో కుళాయి నీళ్లతో కడిగినా ఆ రక్తం పూర్తిగా పోదు. ఎవరి సూది వాళ్లకుంటే ఆ దారి మూసుకుపోతుంది. వాడినవి వెనక్కి తీసుకోవడమూ ఇందులో భాగమే. లేకపోతే చెత్త ఏరేవాళ్ల చేతులకు గుచ్చుకుంటాయి.

సూది ఇవ్వడమంటే మత్తుకు లైసెన్సు ఇచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. మందు చేతిలో ఉన్నవాడు సూది లేదని ఆగడు, పక్కవాడిది తీసుకుంటాడు. హెచ్‌ఐవీ నివారణకు ఇలా సూదులివ్వడం నేరం కాదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టమే చెబుతోంది. హెచ్‌ఐవీ పరీక్ష నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.