స్క్రమ్ సర్టిఫికెట్‌కి అరవై వేలా? ముందు మందుల షాపులో రెండు సాయంత్రాలు కూర్చోమనండి

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. సిస్టమ్స్ అనాలిసిస్ పేపర్‌లో క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. అప్పటినుంచి 'నేను సిస్టమ్స్ అనలిస్ట్ అవుతాను' అంటోంది. కోడింగ్ అంటే మాత్రం టెన్షన్. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల్లో బిజినెస్ అనలిస్ట్‌ని చేస్తాం, స్క్రమ్ సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తాం, అరవై వేలు కట్టండి అంటున్నారు. వాళ్ల నాన్నగారేమో బ్యాంకు కోచింగ్‌లో చేర్చేద్దాం అంటున్నారు. అసలు ఈ ఉద్యోగం ఏమిటి? కోడింగ్ రాకుండా కుదురుతుందా? ఎంసీఏ చేయించాలా, ఎంబీఏ చేయించాలా?

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ అరవై వేలు ఇప్పుడు కట్టకండి. స్క్రమ్ అనేది ఒక టీమ్ తన పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకునే పద్ధతి. దాన్ని తయారుచేసిన కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్‌లే దాని నియమాలను రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. 2020లో సవరించిన ప్రతి పద్నాలుగు పేజీలు దాటదు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. సర్టిఫికెట్ తప్పని నేననను. ఏదైనా టీమ్‌లో ఏడాదో రెండేళ్లో పనిచేశాక తీసుకుంటే దానికి విలువ ఉంటుంది. పనిలో దిగకముందే తీసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక ఉద్యోగం ఏమిటన్నది. ఒక సంస్థలో పని నిజంగా ఎలా నడుస్తోందో చూడాలి. అందులో కంప్యూటర్ ఏం చేయాలో, ఏం చేయకూడదో తేల్చాలి. తేలినదాన్ని అటు కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లకీ ఇటు కోడ్ రాసేవాళ్లకీ ఒకేలా అర్థమయ్యేట్టు రాసిపెట్టాలి. పని ఇదీ. దీన్నే కొన్ని కంపెనీల్లో సిస్టమ్స్ అనలిస్ట్ అంటారు, కొన్నిచోట్ల బిజినెస్ అనలిస్ట్ అంటారు, ఈఆర్‌పీ కంపెనీల్లో, అంటే ఒక సంస్థ కొనుగోళ్లూ స్టాకూ ఖాతాలూ అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల దగ్గర, ఫంక్షనల్ కన్సల్టెంట్ అంటారు. పేర్ల దగ్గర ఆగిపోవద్దు.

ఈ ఉద్యోగం టీ షాపుల దగ్గర మొదలైందంటే నవ్వుతారేమో. ఇంగ్లండ్‌లో జె. లయన్స్ అనే కంపెనీకి ఊరూరా టీ షాపులు ఉండేవి, వాటికి కేకులూ రొట్టెలూ పంపే బేకరీలు ఉండేవి. వాళ్లు లియో అనే కంప్యూటర్‌ని సొంతంగా కట్టుకుని 1951లో బేకరీ లెక్కలు దాని మీద నడిపారు. ఆ తర్వాత షాపుల ఆర్డర్ల పని చేపట్టారు. ప్రతి షాపూ రోజూ మొత్తం ఆర్డర్ చెబితే, దాన్నంతా కార్డుల మీద రంధ్రాలుగా కొట్టి యంత్రానికి ఎక్కించేసరికి తెల్లారిపోతుంది. అందుకని ఒక్కో షాపుకు మామూలుగా ఎంత కావాలో ముందే యంత్రానికి ఇచ్చేశారు. షాపు మేనేజరమ్మ ఫోన్‌లో రోజూ చెప్పాల్సింది తేడా ఒక్కటే. మన పాలబ్బాయి చేసేదీ అదే కదా! రోజూ లీటరు పోసి వెళ్తాడు. 'రేపు అర లీటరు చాలు' అంటేనే గుర్తుపెట్టుకుంటాడు. లియో పనుల రూపకల్పన నడిపించిన డేవిడ్ కామినర్‌ని మొట్టమొదటి సిస్టమ్స్ అనలిస్ట్ అంటూ ఉంటారు. గమనించారా, ఆయన గొప్పతనం యంత్రంలో లేదు. షాపుకు ఏం అవసరమో, రోజూ మారేది ఎంతో కనిపెట్టడంలో ఉంది.

దీని రెండో వైపు కూడా చెప్పాలి. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను చాలా ఏళ్లు అనలిస్ట్‌గానే ఉన్నాను. ఒకసారి మా టీమ్ ఇక్కడికి దగ్గర్లోనే ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీకి కొనుగోలు సాఫ్ట్‌వేర్ చేసింది. ఏసీ గదిలో మేనేజర్‌తో మూడు మీటింగులు పెట్టాం. 'లారీ వస్తుంది, తూకం వేస్తాం, కౌంట్ చూస్తాం, రేటు కట్టి బిల్లు కొడతాం, అంతే' అన్నారాయన. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. మేం స్క్రీన్ మీద 30, 40, 50, 60 అని ఎంచుకునేట్టు పెట్టాం. నలభై పేజీల డాక్యుమెంట్ మీద సంతకాలు కూడా అయిపోయాయి.

మొదటి లారీ తెల్లవారుజామున వచ్చింది. సూపర్‌వైజర్ మూడు క్రేట్ల నుంచి కిలో చొప్పున తీయించి లెక్కపెట్టించాడు. 42, 44, 43 వచ్చాయి. సగటు 43. మా స్క్రీన్‌లో 43 లేదు! ఆయన విసుక్కుని జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. 40 కౌంట్ రేటు 360 రూపాయలు, 50 కౌంట్ 320 అనుకోండి. పది కౌంట్ల తేడాకి నలభై రూపాయలు, అంటే కౌంట్‌కి నాలుగు. 43కి పన్నెండు తగ్గించి 348. ఆయనకది నోటి లెక్క. మెత్తబడిన సరుకు పక్కకు తీసి దానికి వేరే రేటు వేశాడు. రైతు ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటే అదీ ఇదే బిల్లులో కోసేయాలట. ఇవేవీ మా నలభై పేజీల్లో లేవు. ఆ రోజు బిల్లులన్నీ చేత్తోనే రాశారు. ఐసు కరిగిపోతుంటే మా కోసం ఎవరాగుతారు?

మేనేజర్ అబద్ధం చెప్పలేదు. 43 అనే అంకె ఆయన టేబుల్ దాకా ఎప్పుడూ రాలేదు, 348గా మారాకే వచ్చేది. సూపర్‌వైజర్ని అడగకపోవడం మా తప్పు. లారీ దిగే చోట ఒక్క తెల్లవారుజాము నిలబడి ఉంటే సరిపోయేది.

ఈ కథ వినగానే 'మీరు వాటర్‌ఫాల్‌లో చేశారు కాబట్టి అలా అయింది, అజైల్‌లో అలా జరగదు' అని ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అంటారు. అందులో నిజం సగమే. మీ అమ్మాయి పుస్తకంలో ఉండే వాటర్‌ఫాల్ బొమ్మ, అంటే అవసరాలు, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ అని మెట్లు మెట్లుగా దిగే బొమ్మ, 1970లో విన్‌స్టన్ రాయిస్ రాసిన పేపర్ నుంచి వచ్చిందంటారు. తమాషా ఏమిటంటే, అందులో వాటర్‌ఫాల్ అన్న మాటే లేదు. పైగా, ఇలా నేరుగా దిగుకుంటూ పోతే ప్రమాదం, అసలు చిక్కులు చివర్న టెస్టింగ్‌లో బయటపడతాయని ఆయనే రాశాడు. బొమ్మను అందరూ కాపీ కొట్టుకున్నారు, కింద రాసిన హెచ్చరిక మాత్రం వదిలేశారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిసి అజైల్ మ్యానిఫెస్టో రాశారు. నాలుగు మాటలు, పన్నెండు సూత్రాలు. తక్కువ వ్యవధిలో పనిచేసే ముక్కను చేతిలో పెట్టు, వాడేవాడి మాట విను, మార్పు వస్తే విసుక్కోకు అన్నది దాని సారం. మొదట చెప్పిన స్క్రమ్ కూడా ఈ అజైల్ పద్ధతుల్లో ఒకటే.

మా రొయ్యల పనిని అజైల్‌లో చేసి ఉంటే? రెండు వారాలకోసారి స్క్రీన్ చూపించేవాళ్లం. ఎవరికి? అదే మేనేజర్‌కి. ఆయన బాగుంది అనేవారు. 43 సంగతి అప్పుడూ బయటపడేది కాదు. ఏ పద్ధతైనా సరైన మనిషిని అడిగితేనే పనికొస్తుంది. అలాగని వాటర్‌ఫాల్ చచ్చిపోయిందనీ అనుకోవద్దు. ప్రభుత్వ సంస్థల టెండర్ పనుల్లో ఇప్పటికీ అవసరాల డాక్యుమెంట్ మీద సంతకం పడ్డాకే తర్వాతి మెట్టు, తర్వాతి బిల్లు. అందుకే మీ అమ్మాయికి రెండూ తెలియాలి.

కోడింగ్ సంగతికొస్తే, ప్రోగ్రామర్ అంత రాయక్కర్లేదు, కానీ అసలు రాకుండా కుదరదు. ఎస్‌క్యూఎల్, అంటే కంప్యూటర్‌లో దాచిన సమాచారాన్ని (డేటాబేస్‌ని) ప్రశ్నలడిగే భాష, తప్పదు. రెండు టేబుళ్లు, అంటే సమాచారం దాచే పట్టికలు, కలిపి 'గత నెలలో వచ్చిన సరుకులో బిల్లు కాని లారీలు ఏవి' అని డేటాబేస్‌ని తానే అడగగలగాలి. వేరేవాళ్లు రాసిన చిన్న ప్రోగ్రామ్ చదివి అందులో ఏం జరుగుతోందో చెప్పగలగాలి. ఇప్పుడు ఏఐ కోడ్ రాసిపెడుతోంది, నిజమే. కానీ 43 సంగతి దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. బీకాం పిల్లలకి ఎస్‌క్యూఎల్ నేను చాలామందికి చెప్పించాను. లెడ్జర్ అర్థమైనవాళ్లకి టేబుళ్లు త్వరగా అర్థమవుతాయి. భయం మొదటి రెండు వారాలే.

నిజానికి బీకాం మీ అమ్మాయికి బలం. కంపెనీ కొనుగోలులో పర్చేజ్ ఆర్డర్, సరుకు అందినట్టు రసీదు, సప్లయర్ ఇన్‌వాయిస్ మూడూ సరిపోలితేనే డబ్బు చెల్లిస్తారు. ఇంజినీరింగ్ కుర్రాడికి ఇది కొత్తగా నేర్పాలి. మీ అమ్మాయికి డెబిట్, క్రెడిట్ తెలుసు, జీఎస్టీ తెలుసు. 2017 జూలై 1న జీఎస్టీ మొదలైనప్పుడు దేశంలో ప్రతి బిల్లింగ్ సాఫ్ట్‌వేరూ మారాల్సి వచ్చింది. ఆ మార్పు ఏమిటో కోడ్ రాసేవాళ్లకి విడమరిచి చెప్పగలిగినవాళ్లకి అప్పుడు ఊపిరాడలేదు.

ఎంసీఏ, ఎంబీఏ రెండింటికీ మన రాష్ట్రంలో ఐసెట్ ఒక్కటే, కాబట్టి పరీక్ష ఎలాగూ రాయించండి. ఎంసీఏకి ఇంటర్‌లోగానీ డిగ్రీలోగానీ మ్యాథ్స్ ఉండాలన్న నిబంధన ఒకసారి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఎస్‌క్యూఎల్‌తో ఈ ఆరు నెలల్లో దోస్తీ కుదిరితే ఎంసీఏ, రెండేళ్లు. ఎంబీఏ ఇప్పుడే వద్దు. మూడు నాలుగేళ్లు పనిచేసి వెళ్తే క్లాసులో చెప్పేది బుర్రకెక్కుతుంది. ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఫ్రెషర్‌ని నేరుగా అనలిస్ట్‌గా తీసుకునే కంపెనీలు తక్కువ. ఎక్కువమంది టెస్టింగ్‌లోనో, సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లోనో, ఈఆర్‌పీ ట్రైనీగానో చేరి మూడు నాలుగేళ్లకి ఇటు వస్తారు. సపోర్ట్ అంటే చిన్నచూపు వద్దు. కస్టమర్ ఎక్కడ ఇరుక్కుంటున్నాడో రోజూ వినే కుర్చీ అది. విశాఖలోనే ఐటీ కంపెనీలుండే రుషికొండ, మధురవాడల్లో దొరికితే సరే, లేకపోతే మొదటి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లడానికి సిద్ధంగా ఉండమనండి. గూగుల్ డేటా సెంటర్ విశాఖకి వస్తోందిగా అంటారేమో. డేటా సెంటర్లో ముఖ్యంగా కావాల్సింది కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ పనివాళ్లు. అది వేరే దారి.

బ్యాంకు కోచింగ్ మాటకొస్తే వాళ్ల నాన్నగారిది చెడ్డ ఆలోచనేమీ కాదు. కానీ పొద్దున రీజనింగ్, సాయంత్రం ఎస్‌క్యూఎల్ అని రెండు పడవల మీద కాళ్లు పెట్టించకండి. డిగ్రీ అయ్యేదాకా ఇది చేయనివ్వండి. మనసు పట్టకపోతే బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు.

చివరిది మీ అమ్మాయికి నేనిచ్చే పని. దీనికి అరవై రూపాయలు కూడా ఖర్చవదు. మీ వీధి చివర మందుల షాపు ఉండే ఉంటుంది. యజమానిని అడిగి, రద్దీగా ఉండే వేళ రెండు సాయంత్రాలు ఒక పక్కన స్టూల్ వేసుకుని కూర్చోవాలి. ఏమీ సలహాలివ్వకూడదు, చూడాలంతే. పది మాత్రల షీట్‌లో నాలుగు కత్తిరించి ఇస్తారు. కంప్యూటర్‌లో స్టాక్ షీట్లలో ఉందా, మాత్రల్లోనా? బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ ముద్ర ఉన్న ముక్క ఎవరి చేతికి వెళ్లింది? రేపు ఆ మనిషి రెండు మాత్రలు వెనక్కి తెస్తే ఏం చేస్తారు? ఖాతా మీద పట్టుకెళ్లేవాళ్ల లెక్క కంప్యూటర్‌లో ఉందా, గల్లాపెట్టె కింద ఉన్న నోటుబుక్కులో ఉందా? ఎక్స్‌పైరీ అయిన మందులు హోల్‌సేల్ వాళ్లకి ఎప్పుడు, ఏ కాగితంతో వెనక్కి వెళ్తాయి?

ఇంటికొచ్చాక కాలేజీలో నేర్చుకున్న డేటా ఫ్లో డయాగ్రం, అంటే ఏ సమాచారం ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే బొమ్మ, ఒక్క పేజీలో గీయాలి. కాగితం, పెన్సిల్ చాలు. గీశాక ముందు నాకు పంపకూడదు. షాపుకి తీసుకెళ్లి కౌంటర్‌లో నిలబడే కుర్రాడికి చూపించి 'అన్నా, ఇందులో ఏం తప్పు?' అని అడగాలి. యజమానిని కాదు, ఆ కుర్రాణ్ణే. అతను వేలు పెట్టి చూపించినవన్నీ ఎర్ర పెన్నుతో దిద్దుకుని, ఆ దిద్దుబాట్లతో సహా ఫొటో తీసి అప్పుడు పంపమనండి.