షేక్‌హ్యాండ్ ఇవ్వకపోతే పొగరేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆటల మీదవే ఎక్కువ. వాటిలో మూడింటికి జవాబు రాస్తున్నాను. మొదటిది కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, షటిల్ ఆడుతుంది. మొన్న జిల్లా పోటీల్లో సెమీస్‌లో ఓడిపోయి, అవతలి పిల్లకి చెయ్యి కూడా ఇవ్వకుండా రాకెట్ సంచిలో పడేసి బయటికొచ్చేసింది. అందరూ చూస్తుండగానే కేకలేశాను. సింధుని చూసి నేర్చుకో, మన ఊరి సాత్విక్‌ని చూసి నేర్చుకో అన్నాను. అప్పట్నించి నాతో సరిగా మాట్లాడట్లేదు. చుట్టాలేమో "ఇప్పుడే ఇంత పొగరా" అంటున్నారు. నేను చేసింది తప్పా?
– ఒక తండ్రి, అమలాపురం

జవాబు: చెయ్యి ఇవ్వకపోవడం తప్పేనండీ, అందులో రెండో మాట లేదు. నెట్ దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపి రావడానికి పది సెకన్లు పట్టదు, ఏడుపొస్తుంటే ఏడుస్తూనే కలపొచ్చు. కానీ మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట ఇంకోటి ఉంది, "అందరూ చూస్తుండగానే" అన్నది. అంటే ఆ రోజు అక్కడ ఓటమి తట్టుకోలేనివాళ్లు ఇద్దరన్నమాట. ఒకరికి పద్నాలుగేళ్లు, రెండోవారి వయసు మీరు రాయలేదు.

ఇంతకీ మీరు చూపించింది ఏ సింధుని? 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి మారిన్ మీద మొదటి గేమ్ 21-19తో కొట్టి, తర్వాత రెండూ పోగొట్టుకున్న సింధునైతే నాకూ కళ్ల ముందే ఉంది. మారిన్ గెలిచిన ఆనందంలో కింద పడి ఏడుస్తుంటే సింధు అటు వైపు వెళ్లి లేవదీసి కావలించుకుంది, కోర్టులో పడున్న ఆమె రాకెట్ తీసి పక్కన పెట్టింది. సరే. కానీ 2022 ఏప్రిల్‌లో మనీలాలో, ఆసియా పోటీల సెమీస్‌లో జపాన్ అమ్మాయి యమగుచి మీద మొదటి గేమ్ గెలిచి రెండోదాంట్లో 14-11 మీద ఉండగా, సర్వీస్ ఆలస్యం చేస్తోందని అంపైర్ ఒక పాయింట్ అవతలికి ఇచ్చేస్తే వాదించింది కూడా సింధునే. రిఫరీని అడిగింది, వినలేదు, మ్యాచ్ చేజారింది, కన్నీళ్లు పెట్టుకుంది. తర్వాత నిర్వాహకులే పొరపాటు జరిగిందని క్షమాపణ చెప్పారు, ఆ పాయింట్ మాత్రం తిరిగి రాదుగా. పిల్లకి రియోది మాత్రమే చూపించి అలా ఉండమంటే, గోడ మీద ఫొటో చూపించి అందులోకెళ్లి కూర్చోమన్నట్టే.

సాత్విక్ సంగతి మీకు నేను చెప్పేదేముంది, మీ ఊరే. ఆసియా క్రీడల బంగారం గురించి, గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ గురించి చెప్పుకుంటాం గానీ టోక్యో ఒలింపిక్స్ మాట ఎవరూ ఎత్తరు. డబుల్స్ జోడీ చిరాగ్‌తో కలిసి గ్రూపులో మూడింటికి రెండు మ్యాచ్‌లు గెలిచాడు, అందులో ఒకటి చివరికి బంగారు పతకం కొట్టిన తైవాన్ జోడీ మీద, అయినా గేముల లెక్కలో వెనకబడి బయటికి వచ్చేశారు. దాన్ని ఓడడం అంటామా, గెలవడం అంటామా? 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మలేషియా జోడీ మీద మొదటి గేమ్ 21-13తో కొట్టి తర్వాత రెండూ వదిలేసిన సాయంత్రం, నేను టీ కొట్టు దగ్గరే ఉన్నాను. "మనోడు టెన్షన్ తట్టుకోలేడండి" అని తేల్చేసిన పెద్దమనిషి పొద్దున్నే స్వీట్లు ఆర్డరిచ్చి వచ్చాడు, ఆ ఆర్డరు క్యాన్సిల్ అవ్వదన్నారని ఆయన కోపం.

అసలు నాకు అర్థం కానిదేంటంటే, ఓడినవాడి మొహాన్నే ఎందుకంత కొలుస్తాం మనం? 1996 మార్చి 13 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. కోల్‌కతా ఈడెన్‌లో క్రికెట్ ప్రపంచ కప్ సెమీస్, శ్రీలంక మీద 252 కొట్టాలి, సచిన్ ఔటయ్యేసరికి 98, అక్కణ్నించి 120కి ఎనిమిది వికెట్లు. జనం సీసాలు విసిరారు, స్టాండ్లలో మంటలు పెట్టారు, రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్ శ్రీలంకకి ఇచ్చేశాడు. నాటౌట్‌గా మిగిలిపోయిన కాంబ్లీ ఏడుస్తూ బయటికొచ్చాడు. ఇప్పటికీ ఆ రాత్రి అనగానే కాంబ్లీ ఏడుపే చెప్తారు. ఆ ఏడుపు వల్ల ఎవరికేం నష్టం జరిగింది? సీసాలు విసిరినవాళ్ల మొహం ఒక్కటీ మనకి గుర్తులేదు. 2007లో బంగ్లాదేశ్ చేతిలో ఓడితే రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద పడ్డారు, అతనేమో అప్పటికి వెస్టిండీస్‌లో ఉన్నాడు. ఆ ఇంటి మీద పడ్డవాళ్లలో కనీసం పదిమంది మర్నాడు "వీళ్లకి క్రీడాస్ఫూర్తి లేదు" అని మాట్లాడుకునే ఉంటారని నా అనుమానం.

నాది మొరటు లెక్క. ఓడినవాడు ఏడ్చినా, మాట్లాడకపోయినా, మొహం గంటు పెట్టుకున్నా అది వాడి సొంత విషయం. ఎదుటివాడి గెలుపు మీద బురద చల్లాడా, అంపైర్నో బంతులందించే పిల్లల్నో కసిరాడా, అది మాత్రం అడగాలి. అడిగాక సారీ చెప్పాడా లేదా అన్నదీ చూడాలి. 2025 జూన్‌లో చదరంగంలో మన గుకేశ్ చేతిలో ఓడి కార్ల్‌సన్ బల్ల గుద్దితే పావులు ఎగిరిపడ్డాయి, ఆ వీడియో చూడనివాళ్లు లేరు. వెంటనే సారీ చెప్పి, వెళ్తూ వెళ్తూ ఆ కుర్రాడి వీపు తట్టిన ముక్క మాత్రం చాలామంది చూసుండరు, అంతదాకా వీడియో ఎవరు చూస్తారు!

మీ అమ్మాయి చేత ఆ అవతలి పిల్లకి "బాగా ఆడావు" అని ఒక మెసేజ్ పెట్టించండి. దానికంటే ముందు మీరు మీ అమ్మాయికి సారీ చెప్పండి. అందరి ముందూ అరిచారు కాబట్టి, ఆ చుట్టాల ముందే చెప్తే ఇంకా మంచిది.

ప్రశ్న: సార్, మగాడు ఓడి అరిస్తే కసి అంటారు, ఆడది అరిస్తే సంస్కారం లేదంటారు. నిజం కాదా?
– డిగ్రీ విద్యార్థిని, భీమవరం

జవాబు: చాలావరకు నిజమేనమ్మా. 2018 యూఎస్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్లో సెరెనా అంపైర్‌ని దొంగ అంది, ఒక గేమ్ పోయింది, 17,000 డాలర్ల జరిమానా పడింది. మగాళ్లు ఇంతకంటే పెద్ద మాటలన్నా ఎవరూ గేమ్ లాక్కోరని ఆవిడ వాదన, కొట్టిపారేసేది కాదు. అలాగని నేను పూర్తిగా ఆవిడ వైపు లేను. అదే ఫైనల్లో ఆవిణ్ని ఓడించి మొదటి గ్రాండ్‌స్లామ్ గెలిచిన ఇరవయ్యేళ్ల ఒసాకా, జనం గోలకి టోపీ కళ్ల మీదికి లాక్కుని ఏడవాల్సి వచ్చింది. చివరికి ఆ గోల ఆపమని జనాన్ని అడిగింది సెరెనానే అనుకో.

మన క్రికెట్ కెప్టెన్ హర్మన్‌ప్రీత్‌ని చూడు. 2023 ఫిబ్రవరిలో కేప్‌టౌన్‌లో ఆస్ట్రేలియా మీద టీ20 ప్రపంచ కప్ సెమీస్, పరిగెడుతుంటే బ్యాట్ నేలలో ఇరుక్కుని రనౌట్, ఐదు పరుగుల తేడాతో ఓటమి. దేశం తన ఏడుపు చూడకూడదని నల్లద్దాలు పెట్టుకుని మైకు ముందుకొచ్చింది. అదే ఏడాది జూలైలో ఢాకాలో ఔటిచ్చారని వికెట్లని బ్యాట్‌తో కొట్టింది, బహుమతుల వేళ అంపైరింగ్‌ని తిట్టింది. అక్కడ ఓడను కూడా లేదు, మ్యాచ్ టై. మ్యాచ్ ఫీజులో 75 శాతం పోయింది, రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. తప్పు చేసింది, శిక్ష పడింది, అయిపోయింది. 2025 నవంబర్ 2న ఆవిడ ప్రపంచ కప్ ఎత్తిన రాత్రి ఢాకా మాటెత్తినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. ఆ రాత్రి ఓడుంటే మాత్రం ఢాకా వీడియో మళ్లీ నా ఫోన్‌కి కనీసం నాలుగు గ్రూపుల నుంచి వచ్చుండేది.

ప్రశ్న: చెప్పడానికి బాగానే ఉంటాయి గురువుగారూ. మీరెప్పుడైనా ఓడి మర్యాదగా ఉన్నారా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఆయ్, లేదండి.

కుర్రతనంలో ఓ సంక్రాంతికి మా ఊళ్లో కాలవ గట్టు పక్కన వాలీబాల్ పోటీలు పెట్టారు. ఫైనల్ పక్కూరితో. ఆఖరి బాల్ గీత మీద పడిందని వాళ్లు, బయట పడిందని మేము. రిఫరీ మా డ్రిల్లు మాస్టారే, అయినా వాళ్లకే ఇచ్చారు. నేను బాల్ తీసి ఒక్క తన్ను తన్నాను. అది కొబ్బరిచెట్ల మధ్యనించి వెళ్లి కాలవలో పడింది. దాళ్వాకి నీళ్లు నిండుగా వదిలిన రోజులు, బాల్ లాకుల వైపు కొట్టుకుపోతూ గుర్రపుడెక్కలో చిక్కుకుంది. పైగా బాల్ మాది కాదు, పక్కూరివాళ్లది. మాస్టారు ఒక్క తిట్టు తిట్టలేదు, "దిగు" అన్నారంతే. పండక్కి కుట్టించుకున్న కొత్త ప్యాంటుతో దిగాను. మోకాళ్ల దాకా బురద, మెడ దాకా నీళ్లు, కాళ్లకి చుట్టుకుపోయే ఆ డెక్క వేళ్లు. పళ్లు టకటకలాడుతూ బాల్ తెచ్చేసరికి గెలిచినవాళ్లు బొండాలు కొట్టుకుని తాగుతున్నారు. వాళ్ల కెప్టెన్ నాకూ ఒకటి కొట్టి చేతికిచ్చాడు. నేను తీసుకోకుండా, మొహం తిప్పుకుని ఇంటికెళ్లిపోయాను.

నాలుగేళ్ల తర్వాత ఆ కెప్టెన్ చెల్లెల్నే నాకిచ్చి పెళ్లి చేశారు. ఇప్పటికీ పండక్కి వెళ్తే మా బావగారు కాళ్లు కడుక్కోనివ్వకముందే బొండం కొట్టి చేతిలో పెట్టి, అది ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడతారు.