బేస్ గిటార్ ఆగుతుంది, ఇంటి అడ్వాన్స్ ఆగదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఊరు అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. జీతం రూ.46,000. అద్దెలో నా వాటా రూ.11,000. ఇంటికి పంపేదీ మిగతా ఖర్చులూ పోను నెలకు రూ.9,000 మిగులుతుంది. బ్యాంకులో రూ.24,000 ఉంది. వారాంతాల్లో బ్యాండ్‌లో బేస్ వాయిస్తాను. రూ.65,000 పెట్టి ఫ్రెట్‌లెస్ (మెట్లు లేని) బేస్ కొనాలని ఉంది. ఒక యాప్‌లో 24 శాతం వడ్డీకి 18 నెలల లోన్ వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ‘ఈఎంఐ కట్టగలను కదా, అంటే కొనగలను’ అనే లెక్క నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో సగం మంది వేస్తారు. మీ ఈఎంఐ సుమారు రూ.4,336. 18 నెలల్లో రూ.13,000 వడ్డీకే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ అదనం. సంపాదించి పెట్టని వస్తువుకు 24 శాతం వడ్డీ ఏమిటండీ!

అసలు నన్ను భయపెట్టింది గిటార్ కాదు, ఆ రూ.24,000. మీ నెల ఖర్చు రూ.37,000. అంటే ఉద్యోగం పోతే మూడో వారానికి చేతులెత్తేయాలి. అంతదాకా ఎందుకు, రేపు ఓనర్ ఇల్లు ఖాళీ చేయమన్నాడనుకోండి. బెంగళూరు సంగతి మీకు తెలిసిందే. కొత్త ఇంటికి ఐదు నెలల అడ్వాన్స్ అడిగినా మీ వాటా రూ.55,000. అది ముందే కట్టాలి. పాత అడ్వాన్స్ మాత్రం తాళాలిచ్చాక, పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోసేసుకుని, ఓనర్‌కు తీరిక దొరికినప్పుడు వస్తుంది. ఆ మధ్యలో మీకు మళ్లీ ఆ లోన్ యాపే దిక్కు.

అందుకే ముందు మూడు నెలల ఖర్చు, రూ.1,11,000, పక్కన పెట్టండి. నెలకు రూ.7,000 చొప్పున వేస్తే, ఉన్నదానితో కలిపి 13 నెలల్లో అయిపోతుంది. ఆర్‌డీనో (నెలనెలా కట్టే డిపాజిట్), లిక్విడ్ ఫండో (అవసరమైతే త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) మీ ఇష్టం. క్రెడిట్ కార్డు లిమిట్‌ను మాత్రం అత్యవసర నిధి అనుకోకండి. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే మిగిలిన రూ.2,000 ముందు అటు వెళ్లాలి.

ఉంటే, ఆ రూ.2,000 గిటార్‌కు. 13 నెలలకు రూ.26,000 అవుతుంది, సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. అయినా మీ దగ్గర ఇప్పటికే ఒక బేస్ ఉంది కదా! నాకు సంగీతం అంతంతమాత్రమే. వీణకు 24 మెట్లుంటాయనీ, వయొలిన్‌కు ఒక్కటీ ఉండదనీ తెలుసు, అంతే. బేస్ వాయించే మా అక్క కొడుకును అడిగితే, ఉన్న బేస్‌నే ఫ్రెట్‌లెస్‌గా మార్చుకునే దారి చెప్పాడు. మంచి రిపేరు మనిషి సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్‌ను, అంటే మెట్టును, వేడిచేసి, చెక్క పెచ్చు లేవకుండా మెల్లగా పైకి లాగుతాడట. ఆ గాట్లలో సన్నటి చెక్క పట్టీలు అతికించి, సాపు చేసి, నట్‌ను (మెడ చివర తీగలు ఆనే పట్టీని) కాస్త దించుతాడట. గాట్ల చోట లేతరంగు గీతలు మిగులుతాయి, కొత్తలో వేలు ఎక్కడ పెట్టాలో అవే చూపిస్తాయి. ఫ్రెట్‌లెస్ బేస్‌కు పేరుపడ్డ అమెరికన్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వాయించిన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ కూడా ఫ్రెట్లు తీసేసి, ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) పూత వేసిందేనని వాడే చెప్పాడు.

ఆ పూత లేకపోతే గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్ తీగలు చెక్కను అరగదీస్తాయట, నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయించమన్నాడు. పనికి ఎంతవుతుందో ముందే అడిగి, చేతిలో అంత జమయ్యాకే బేస్‌ను ఇవ్వండి.